పిల్లలకు సదరం సర్టిఫికెట్, పింఛను: అనంతపురం తల్లిదండ్రుల కోసం సమగ్ర మార్గదర్శి

వైకల్యమున్న బిడ్డకు పింఛను కోసం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే మా జిల్లాలో ఎక్కువగా వినిపించే జవాబు ‘సచివాలయానికి వెళ్లి రాయించుకోండి’ అన్నదే. అది తప్పు కాదు కానీ, ఈ గ్రామ, వార్డు సచివాలయం ఆ దారిలో మధ్యలో వచ్చే మెట్టు మాత్రమే. అంతకుముందు ఇంట్లో చేయవలసిన పనిని వదిలేసి నేరుగా అక్కడికి వెళ్లినవారే నెలల తరబడి తిరుగుతున్నారు. రాయదుర్గం, గుంతకల్లు, ఉరవకొండ ప్రాంతాల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలను దృష్టిలో పెట్టుకొని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. ముందు సర్టిఫికెట్, ఆ తర్వాతే పింఛను

ప్రభుత్వ సాయం ఏదైనా సదరం సర్టిఫికెట్ మీదనే ఆధారపడి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు బిడ్డను పరీక్షించి, వైకల్యం ఏ రకమో, ఎంత శాతమో నిర్ధారించి ఇచ్చే పత్రం ఇది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఎక్కువ పథకాలకు 40 శాతం, ఆపైన ఉండాలి. దేశమంతటా చెల్లే యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కూడా ఈ నిర్ధారణ మీదనే వస్తుంది. 40 శాతం లోపు ఉంటే తెల్ల గీత, 40 నుంచి 80 లోపు ఉంటే పసుపు గీత, 80, ఆపైన ఉంటే నీలం గీత ఆ కార్డుపై ఉంటాయి.

కాబట్టి వరుస ఇది: కుటుంబ కాగితాలు, వైద్య దస్త్రం, సదరం స్లాట్ (పరీక్షకు ముందే కేటాయించే తేదీ, సమయం), పరీక్ష, సర్టిఫికెట్, ఆ తర్వాత పింఛనూ మిగిలిన సాయాలూ. ఈ వరుస తప్పితే చేసిన పనినే మళ్లీ చేయవలసి వస్తుంది.

2. కుటుంబ కాగితాల్లో పేర్లు కలిసేలా చూసుకోండి

తిరస్కరణలు చాలావరకు వైద్యంతో సంబంధం లేని కారణాలతో వస్తాయి. జనన ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బియ్యం కార్డులో అసలు బిడ్డ పేరే లేకపోవడం అందరికంటే ముందు చూడవలసిన లోపాలు.

ఐదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే బాల ఆధార్ ఇస్తారు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక మరోసారి వేలిముద్రలు, కంటిపాప నమోదు చేయించాలి. దాన్ని మరచిపోతే సరిగ్గా పింఛను దరఖాస్తు సమయంలోనే ఆధార్ పనిచేయకుండా పోతుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న బిడ్డ వేళ్లు ముడుచుకుపోయి ముద్రలు పడకపోయినా, కళ్లు నిలకడగా లేక కంటిపాప నమోదు కాకపోయినా ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ మినహాయింపు కింద నమోదు చేయమని అడగండి. ఆ వీలు ఉంది. కొన్ని కేంద్రాల్లో వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక సచివాలయ రికార్డులో బిడ్డ మీ కుటుంబంలోనే నమోదై ఉండాలి. దీన్నే అక్కడ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. బిడ్డను అమ్మమ్మగారింట్లో పెంచుతున్న కుటుంబాల్లో ఇక్కడే చిక్కు వస్తుంది. మీరు ఒక మండలంలో, బిడ్డ ఇంకో మండలంలో నమోదై ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు. ఎవరి దగ్గర ఉంచాలో ముందే తేల్చుకొని, ఒక్కచోటే సరిచేయించుకోండి.

స్లాట్‌కు ముందు సిద్ధంగా ఉండవలసినవి:

- బిడ్డ ఆధార్, జనన ధ్రువపత్రం. రెంటిలోనూ పేరు, పుట్టినతేదీ ఒకటిగా ఉండాలి
- తల్లిదండ్రుల ఆధార్‌లు, వాటిలో ఒకదానికి అనుసంధానమై ఇప్పుడు వాడుకలో ఉన్న ఫోన్ నంబరు
- బిడ్డ పేరు చేరిన బియ్యం కార్డు
- బిడ్డ పాస్‌పోర్టు సైజు ఫొటోలు
- బడికి వెళ్తుంటే స్టడీ సర్టిఫికెట్

ఫోన్ నంబరు విషయం చిన్నదిగా కనబడుతుంది. కానీ ఓటీపీ వచ్చే నంబరు పాత సిమ్‌కార్డుదై, ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటే అక్కడికక్కడే పని నిలిచిపోతుంది.

3. వైద్య దస్త్రం ఇంట్లోనే తయారుచేయండి

సదరం పరీక్షలు జరిగే ఆసుపత్రి శిబిరంలో ఒక్కో బిడ్డకు వైద్యుడు కేటాయించగలిగేది కొద్ది నిమిషాలే. అంత తక్కువ సమయంలో బిడ్డ పుట్టినప్పటి నుంచి జరిగినదంతా నోటితో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే మీ తరఫున కాగితాలు మాట్లాడాలి. నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే. అయినా ఎక్కువమంది దీనికి ఒక్క పూట కూడా కేటాయించరు.

ఒక ఫైలు తీసుకోండి. పాత నుంచి కొత్తకు తేదీల క్రమంలో కాగితాలు పెట్టండి. పుట్టినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీతో మొదలుపెట్టండి. పుట్టగానే ఏడవకపోవడం, నెలలు నిండకపోవడం, మూర్ఛలు, తీవ్రమైన కామెర్లు వంటివి అందులోనే రాసి ఉంటాయి. ఆ తర్వాత స్కానింగులు, ఈఈజీలు (మెదడు తరంగాల పరీక్షలు), మందుల చీటీలు, ఫిజియోథెరపీ లేదా స్పీచ్ థెరపీ నోట్స్ పెట్టండి. బెంగళూరు నిమ్హాన్స్‌లోనో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనో చూపించి ఉంటే ఆ నివేదికలు తప్పక చేర్చండి. వాటిని చూసి శాతం వేయరు కానీ, రోగ నిర్ధారణ గురించి వైద్యుడికి సందేహం లేకుండా చేస్తాయి.

వైకల్యాన్ని బట్టి అదనంగా ఉండవలసినవి వేరువేరు.

మేధో వైకల్యం. ఐక్యూతో పాటు, తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడో కొలిచే సామాజిక పరిపక్వత పరీక్ష కూడా చేస్తారు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్వల్ప స్థాయికి 50 శాతం, మధ్యస్థానికి 75, తీవ్రానికి 90, అతి తీవ్రానికి 100 శాతంగా లెక్క. ఐదేళ్ల లోపు పిల్లలకు మేధో వైకల్యం అని రాయరు, ఎదుగుదలలో ఆలస్యం అని రాస్తారు. ఆ మాట చూసి తక్కువ చేసి రాశారని కంగారుపడకండి.

ఆటిజం. ఇసా అనే భారతీయ కొలమానంతో మార్కులు వేస్తారు. బిడ్డ ఇంట్లో ఎలా ఉంటాడో తల్లి చెప్పే మాటలకే ఇక్కడ చాలా బరువుంటుంది.

వినికిడి. చిన్నపిల్లలకు బెరా పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను యంత్రంతో కొలిచేది), చెప్పింది అర్థం చేసుకొని స్పందించగల వయసు వారికి ఆడియోగ్రామ్ (ఎంత శబ్దం వినబడుతుందో చూపే పట్టిక) అడుగుతారు. శిబిరానికి ముందే చేయించి ఉంచుకుంటే రెండో పిలుపు తప్పుతుంది.

చూపు. రెండు కళ్లలో మెరుగైన కంటికి, అద్దాలు పెట్టాక ఎంత కనబడుతుందో దాన్నే లెక్కిస్తారు. ఒక కన్ను పూర్తిగా పోయినా రెండోది బాగా ఉంటే శాతం 40 దాటకపోవడానికి కారణం అదే. వాడుతున్న అద్దాలను వెంట తీసుకెళ్లండి.

అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఇబ్బంది). ఎనిమిదేళ్లు నిండినవారికే సర్టిఫికెట్ ఇస్తారు, పద్నాలుగేళ్లకు ఒకసారి, పద్దెనిమిదేళ్లకు ఒకసారి తిరిగి పరీక్షిస్తారు. అంతకన్నా చిన్నవాణ్ని తీసుకెళ్లి లాభం లేదు.

ఫైలు పైన మీ చేత్తో రాసిన ఒక పేజీ పెట్టండి. తిండి, స్నానం, దుస్తులు, మలమూత్రాలు, నడక, మాట, రాత్రి నిద్ర, బడి, ప్రమాదాలు అనే తొమ్మిది విషయాల్లో బిడ్డ తానుగా ఏం చేయగలడు, ఎవరి సాయం కావాలి, రోజుకు ఎన్నిసార్లు కావాలి అన్నవి రాయండి. ‘వాడికి ఏమీ రాదు’ అని రాయకండి, అది ఎవరికీ ఉపయోగపడదు. ‘ముద్దలు కలిపి చేతికిస్తే తింటాడు, తానుగా కలుపుకోలేడు’ అని రాస్తే వైద్యుడికి వెంటనే అర్థమవుతుంది.

4. స్లాట్ తీసుకునేటప్పుడు

గ్రామంలోనైనా పట్టణంలోనైనా మీ సచివాలయంలో, లేదంటే మీసేవ కేంద్రంలో స్లాట్ నమోదు చేస్తారు. స్లాట్లు ఏడాది పొడవునా ఖాళీగా ఉండవు. ప్రభుత్వం తేదీలు ప్రకటించినప్పుడే తెరుచుకుంటాయి, తొందరగా నిండిపోతాయి. అందుకే సచివాలయంలో ఆన్‌లైన్ పనులు చూసే డిజిటల్ అసిస్టెంట్‌కు ముందుగానే మీ పేరు, నంబరు ఇచ్చి ఉంచండి.

నమోదు చేసేటప్పుడు రెండు విషయాలు స్వయంగా తెరపై చూసి సరిపోల్చుకోండి. మొదటిది వైకల్యం రకం. ఆటిజం ఉన్న బిడ్డను మానసిక అనారోగ్యం కింద నమోదు చేస్తే సంబంధం లేని వైద్యుడి ముందుకు పంపుతారు. రెండోది ఆసుపత్రి. కీళ్లు, ఎముకల వైకల్యానికి వైద్యులు ఉన్న ప్రాంతీయ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఉండకపోవచ్చు. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలకు అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రి దొరికితే అదే తీసుకోండి, ఊరికి దూరమైనా సరే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక హిందూపురం, కదిరి, ధర్మవరం ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. అక్కడివారి ఆధార్‌లో ఇంకా అనంతపురం జిల్లా అనే ఉంటే, స్లాట్‌కు ముందే సచివాలయంలో చూపించి చిరునామా సరిపోతుందో లేదో తెలుసుకోవడం మంచిది.

5. శిబిరం రోజు

స్లాట్ చీటీలో ఉన్న సమయం కంటే ముందే చేరుకోండి. మూర్ఛ మందులు వాడుతున్న బిడ్డకు ఆ రోజు మందు మానిపించకండి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ‘మందు వేయకుంటే వైకల్యం బాగా కనబడుతుంది’ అని సలహా ఇచ్చేవారు ఉన్నారు. బిడ్డ ప్రాణంతో చెలగాటమాడే సలహా అది. మందులు వాడుతున్నా మిగిలి ఉన్న ఇబ్బందినే వైద్యులు చూడాలి.

తల్లే వెంట ఉండాలి. రోజంతా బిడ్డను చూసుకునే మనిషి కాకుండా ఇంకెవరో వస్తే ప్రశ్నలకు సరైన జవాబులు రావు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, బిడ్డ గురించి అడిగినప్పుడు నలుగురిలో మొహమాటపడి ‘అన్నీ చేస్తాడు సార్, కొంచెం మాటే రాదు’ అనడం. తల్లిగా అలా అనాలనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ ఒక్క వాక్యంతో 75 రావలసిన చోట 50 పడవచ్చు. అలాగని లేనిది కల్పించి చెప్పినా వైద్యులకు తెలిసిపోతుంది. మీరు రాసుకెళ్లిన పేజీ చూసి చదవండి, అంతే చాలు.

శాతం పెంచిస్తామని ఆసుపత్రి ఆవరణలో పలకరించే దళారులకు డబ్బు ఇవ్వకండి. మోసపూరితంగా లబ్ధి పొందితే దివ్యాంగుల హక్కుల చట్టంలోని 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా 2025లో రాష్ట్రమంతటా దివ్యాంగ పింఛన్లను తిరిగి పరీక్షించారు. కొనుక్కున్న శాతం అలాంటి పరీక్షలో నిలవదు.

6. సర్టిఫికెట్ చేతికి వచ్చాక

వివరాలు ఆన్‌లైన్‌లో చేరాక సచివాలయంలో ప్రింటు తీసుకోవచ్చు. తీసుకున్న చోటే నిలబడి ఇవి చూడండి:

- పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, ఫొటో
- వైకల్యం రకం, శాతం
- శాశ్వతమా, తాత్కాలికమా
- తాత్కాలికమైతే ఎప్పటివరకు చెల్లుతుంది

చివరి రెండు విషయాలను చాలామంది చదవనే చదవరు. పిల్లల సర్టిఫికెట్లు చాలావరకు తాత్కాలికంగానే ఇస్తారు, ఎందుకంటే పెరుగుతున్న కొద్దీ పరిస్థితి మారవచ్చు. గడువు ముగిసిన సర్టిఫికెట్ మీద పింఛను నడవదు. గడువుకు ఆరు నెలల ముందు తేదీని ఇంట్లో క్యాలెండర్‌పై ఎర్ర సిరాతో రాసి పెట్టుకొని, ఆ రోజు నుంచే మళ్లీ స్లాట్ కోసం ప్రయత్నించండి.

7. శాతం తక్కువ వచ్చిందనిపిస్తే

వైద్యుడితో వాదించడం వల్ల ఫలితం ఉండదు. అదే దివ్యాంగుల హక్కుల చట్టంలోని 59వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌పై అప్పీలు చేసుకునే హక్కు మీకు ఉంది. ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) లేదా మున్సిపల్ కమిషనర్ కార్యాలయంలో గానీ, జిల్లా కేంద్రంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో గానీ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

‘శాతం పెంచండి’ అని కాక, ఏ నివేదికను పరిగణించలేదో, ఏ పరీక్ష చేయలేదో రాయండి. ఉదాహరణకు, బెరా చేయకుండానే వినికిడి శాతం వేశారని రాస్తే తిరిగి పరీక్షించమనడానికి బలమైన కారణం అవుతుంది. ఎక్కడా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి, ఇచ్చిన రశీదు నంబరు దాచుకోండి.

8. పింఛను దరఖాస్తు, అర్హతలో ఎదురయ్యే చిక్కులు

రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకమైన ఎన్టీఆర్ భరోసా కింద 40 శాతం, ఆపైన వైకల్యమున్నవారికి నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. దీనికి వయసు పరిమితి లేదు కనుక పిల్లలకూ వర్తిస్తుంది. పక్షవాతంతోనో తీవ్ర కండరాల క్షీణతతోనో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000, తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి) వంటి వ్యాధులకు 10,000 రూపాయల పింఛన్లు వేరుగా ఉన్నాయి. మీ బిడ్డ వాటికి అర్హుడైతే 6,000తో సరిపెట్టుకోకండి, ఆ కోవలోనే పరిశీలించమని అడగండి.

అయితే సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, కుటుంబ ఆర్థిక స్థితిని కూడా కంప్యూటర్‌లో సరిచూస్తారు. సాధారణంగా చూసే హద్దులు ఇవి:

- నెలసరి ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయల లోపు
- మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు, రెండూ కలిపి 10 ఎకరాల లోపు
- కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్ల లోపు
- టాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా సొంత నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు
- ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు, ఆదాయపు పన్ను కట్టేవారు కుటుంబంలో ఉండకూడదు
- పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపు

నిజంగా పేద కుటుంబాలు కూడా ఇక్కడ ఆగిపోవడానికి మూడు కారణాలు ఎక్కువగా కనబడతాయి. మొదటిది కరెంటు. మీ ఆధార్‌కు అద్దెకుండేవారి మీటరో, అన్నదమ్ముల మీటరో అనుసంధానమై ఉంటే యూనిట్లన్నీ మీ లెక్కలో పడతాయి. విద్యుత్ శాఖ కార్యాలయంలో ఆధార్ అనుసంధానం తీసివేయించుకొని, ఆ కాగితం సచివాలయంలో ఇవ్వాలి. రెండోది భూమి. అన్నదమ్ములు నోటి మాటతో పంచుకున్నా రికార్డులో అంతా ఒక్కరి పేరునే ఉంటుంది. మెట్ట పొలాలు ఎక్కువగా ఉన్న మన జిల్లాలో, భాగపరిష్కారం లేక పది ఎకరాలు దాటిపోయినట్టు కనబడే ఇళ్లు చాలా ఉన్నాయి. మ్యుటేషన్ (రికార్డులో ఎవరి వాటా వారి పేరుకు మార్పించడం) చేయించుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. మూడోది ఎప్పుడో అమ్మేసిన కారో, జీపో. కొన్నవారు పేరు మార్పించుకోకపోతే అది ఇంకా మీదే. రవాణా శాఖ కార్యాలయంలో తేల్చుకోవాలి.

కొత్త పింఛన్ల నమోదు ఎప్పుడూ తెరిచి ఉండదు. తెరిచే నాటికి పై మూడూ సరిచేసి పెట్టుకున్నవారికి మంజూరులో ఆటంకం తగ్గుతుంది. గ్రామంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌కు దరఖాస్తు ఇచ్చి, నంబరున్న రశీదు తప్పనిసరిగా తీసుకోండి. నోటిమాటగా ‘పెట్టేశాం’ అంటే ఒప్పుకోకండి.

9. పనికోసం ఊరు వదిలివెళ్లే కుటుంబాలు

బెంగళూరుకు భవన నిర్మాణ పనులకు వెళ్లే కుటుంబాలకు ఈ విషయం ముఖ్యం. పింఛను నెల మొదటి తేదీన సొంత ఊళ్లో ఇంటి దగ్గరే అందజేస్తారు. ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోతే ఆ బకాయిని తర్వాతి నెలలో కలిపి తీసుకునే వీలుంది. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే మాత్రం శాశ్వతంగా వలస వెళ్లినట్టు భావించి నిలిపివేస్తారు. కాబట్టి రెండు నెలలకు మించకుండా ఒకసారి ఊరికి రండి.

కర్ణాటకలో తీసుకున్న వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది కానీ, ఇక్కడి పింఛనుకు ఇక్కడి సదరం వివరాలే అడుగుతారు. రెండు రాష్ట్రాల్లోనూ పింఛను తీసుకునే ప్రయత్నం మాత్రం వద్దు. ఆధార్‌తో ఇట్టే తెలిసిపోతుంది.

10. పింఛను రాకపోయినా సర్టిఫికెట్‌తో వచ్చేవి

ఆదాయం ఎక్కువ కనుక మాకు సర్టిఫికెట్ ఎందుకని వదిలేసే ఉద్యోగ కుటుంబాలు నష్టపోతున్నాయి. ఆదాయపు పన్ను పాత విధానంలో (1961 చట్టంలో ఇది 80డీడీ సెక్షన్) 40 శాతం, ఆపైన ఉన్న బిడ్డకు 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలకు నిర్ణీత ఫారంలో వైద్య ధ్రువపత్రం (1961 చట్టం కింద ఫారం 10-ఐఏ) కావాలి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, చేరే ముందు వైద్య పరీక్షలు అడగరు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి చేరిక రుసుము 250, మిగిలినవారికి 500 రూపాయలు. థెరపీల ఖర్చుకు కూడా ఒక పరిమితి వరకు వీలుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఉపయోగపడే పథకాన్ని ఇంత తక్కువమంది వాడుకోవడం బాధ కలిగించే విషయం.

బడి విషయానికొస్తే, మండల కేంద్రంలో ప్రత్యేకావసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి వెళ్లి ఐఈఆర్పీని (అక్కడి ప్రత్యేక బోధకుణ్ని) కలవండి. బడికి రాలేని పిల్లలకు ఇంటి వద్ద బోధన, ఫిజియోథెరపీ, ఉపకరణాల శిబిరాల సమాచారం అక్కడే దొరుకుతుంది. ప్రధానోపాధ్యాయుడి దగ్గర బిడ్డ వివరాలు ప్రత్యేకావసరాల పిల్లల జాబితాలో నమోదయ్యాయో లేదో అడగండి. అలా నమోదై ఉంటేనే పదో తరగతి పరీక్షల్లో లేఖరి (బిడ్డ చెబితే రాసిపెట్టే మనిషి) సాయం, అదనపు సమయం అడగడం తేలికవుతుంది. తొమ్మిది, పది చదివే పిల్లలకు కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉంటే కేంద్ర ప్రీమెట్రిక్ ఉపకారవేతనానికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. దానికి బిడ్డ పేరున ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా ఉండాలి. బస్సు, రైలు రాయితీలకు కూడా ఇదే సర్టిఫికెట్ ఆధారం.

11. కాగితాలు దాచే పద్ధతి

అసలు సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించకండి, కొన్ని కార్యాలయాల్లో ఒప్పుకోరు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఐదు జిరాక్సులు విడిగా ఉంచండి. సదరం నంబరును ఫోన్‌లోనూ, బియ్యం కార్డు వెనకాల అంటించిన చీటీ మీదా రాసుకోండి. సర్టిఫికెట్ పోయినా ఆ నంబరుతో సచివాలయంలో మళ్లీ ప్రింటు తీసుకోవచ్చు. వైద్య ఫైలుకు ప్రతి ఏడాదీ కనీసం ఒక కొత్త వైద్యుడి నోట్ చేర్చండి. తాత్కాలిక సర్టిఫికెట్ గడువు తీరి మళ్లీ శిబిరానికి వెళ్లినప్పుడు, మధ్యలో చికిత్స ఆగలేదనడానికి ఆ నోట్లే రుజువు.